బేస్‌బాల్ ట్రేడ్ లాభమా, నష్టమా? లెక్క వేసి వాదించడం ఎలా

జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో ట్రేడ్ల (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం) గడువు, డిసెంబర్‌లో ఫ్రీ ఏజెంట్ల (ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ ఉన్నవాళ్ల) సంతకాలు. ఈ రెండు వేళల్లో అమెరికాలో ఏ ఆఫీసు క్యాంటీన్‌లో చూసినా ఒకటే గోల: "వాడికి అంత డబ్బా?", "ముగ్గురు కుర్రాళ్లను ఇచ్చేసి ఒక్కణ్ని తెచ్చుకుంటారా?" డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఐపీఎల్ వేలం చూసే అలవాటున్నవారికి ఇదంతా తెలిసిన సంగతే అనిపిస్తుంది. కానీ లెక్క వేరు. ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఒకే పర్స్, దాన్ని దాటడానికి వీల్లేదు. బేస్‌బాల్‌లో పైస్థాయి అయిన మేజర్ లీగ్‌లోని 30 జట్లకు అలాంటి గట్టి హద్దు లేదు, జీతాల మొత్తం ఓ గీత దాటితే పన్ను కట్టాలంతే. పైగా ఇక్కడ చేతులు మారేది ఆటగాడు కాదు, అతని మీద జట్టుకు మిగిలి ఉన్న హక్కు. ఆ హక్కు ఎన్నేళ్లుంది, ఏ జీతానికి ఉంది అన్నది తేలకుండా ఎవరు గెలిచారో చెప్పలేం.

కావాల్సినవి మూడు: ఓ కాగితం, జీతాలూ సర్వీసూ చూడటానికి స్పాట్రాక్ లాంటి సైటు, ఆట విలువ చూడటానికి ఫ్యాన్‌గ్రాఫ్స్ లేదా బేస్‌బాల్ రిఫరెన్స్.

1. ముందు ఏళ్లు లెక్కపెట్టండి

మేజర్ లీగ్ జట్టులో (లేదా గాయాల జాబితాలో) 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీసు. సీజన్ 180 పైచిలుకు రోజులు కాబట్టి ఓ రెండు వారాలు కింద లీగులో ఉంచితే చాలు, ఆ ఏడాది నిండదు. ఆరేళ్లు నిండితేనే ఆటగాడు ఫ్రీ ఏజెంట్. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే (2026లో 7,80,000 డాలర్లు). తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్ (జట్టూ ఆటగాడూ ఒప్పుకోలేకపోతే జీతాన్ని మధ్యవర్తులు తేలుస్తారు): జీతం ఏటా పెరుగుతుంది కానీ బజారు ధరను అందుకోదు. రెండేళ్లు దాటి మూడు నిండనివారిలో సర్వీసు ఎక్కువున్న 22 శాతం మందికి ఈ ఆర్బిట్రేషన్ ఒక ఏడాది ముందే మొదలవుతుంది. వీళ్లను సూపర్ టూ అంటారు.

ఒక్క రోజు విలువెంతో తెలియాలంటే క్రిస్ బ్రయంట్‌ను చూడండి. 2015లో షికాగో కబ్స్ అతన్ని సీజన్ మొదలైన రోజు కాకుండా ఏప్రిల్ 17న పైకి పిలిచింది. ఏడాది చివర అతని ఖాతాలో తేలింది 171 రోజులు. ఆ ఒక్క రోజు తక్కువవడంతో జట్టుకు మరో ఏడాది హక్కు మిగిలింది. బ్రయంట్ ఫిర్యాదు చేశాడు, 2020లో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. అందుకే "ఇతను ఇంకా మూడేళ్లు మనవాడే" అనే ముందు సర్వీసు అంకె చూడాలి. ఆ అంకె 3.171 అని ఉంటే మూడేళ్ల 171 రోజులని అర్థం, దశాంశం కాదు. కొత్తవాళ్లు తరచూ తప్పేది ఇక్కడే.

2. నిరుటి ఆట కాదు, వచ్చే ఏడాది ఆట అంచనా వేయండి

కొలమానం వార్. ఏ జట్టైనా కనీస జీతానికి తెచ్చుకోగల మామూలు ఆటగాడితో పోలిస్తే ఇతనివల్ల ఎన్ని గెలుపులు అదనం అన్నదే వార్. 2 వస్తే రోజూ ఆడే సగటు ఆటగాడు, 5 దాటితే ఆల్‌స్టార్ (ఏటా ఎంపికయ్యే మేటి ఆటగాళ్లలో ఒకడు), 8 అంటే ఎంవీపీ (ఏడాది అత్యుత్తమ ఆటగాడి అవార్డు) పోటీ.

గత మూడేళ్ల వార్‌ను 5, 4, 3 బరువులతో కలపండి, తాజా ఏడాదికి 5. ఉదాహరణకు ఒకతనికి వెనక్కి వరసగా 6, 3, 4.5 ఉంటే: 30 + 12 + 13.5 = 55.5, దాన్ని 12తో భాగిస్తే 4.6. దీన్ని మరికాస్త సగటు వైపు దించి 4.2 దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే గొప్ప ఏడాదిలో అదృష్టం పాలు ఎప్పుడూ కొంత ఉంటుంది. ముప్పై దాటినవాళ్లకు ఏటా అర గెలుపు తీసేయండి.

పిచ్చర్ల (బంతి విసిరేవాళ్ల) దగ్గర ఓ చిక్కుంది. బేస్‌బాల్ రిఫరెన్స్ పిచ్చర్ ఇచ్చిన పరుగుల నుంచి మొదలుపెడుతుంది. ఫ్యాన్‌గ్రాఫ్స్ స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుటవడం), వాక్‌లు (గురి తప్పిన బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా బేస్), హోమ్ రన్ల నుంచి మొదలుపెడుతుంది. రెండింటికీ రెండు గెలుపుల తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. మీ వాదనకు ఏది పనికొస్తే అది తీసుకుంటే ఎదుటివాడు వెంటనే రెండోది తీస్తాడు, కాబట్టి సగటు వేసుకోండి. ఇక బ్యాటింగ్ సగటు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఇచ్చే పరుగుల సగటు) లాంటి పాత అంకెలు పట్టుకుంటే డెన్వర్ మైదానం దగ్గరే దొరికిపోతారు. మైలు ఎత్తున గాలి పలచన, బంతి ఎగిరినంత దూరం ఎగురుతుంది.

3. గెలుపును డాలర్లలోకి మార్చండి

ఫ్రీ ఏజెంట్ల బజారులో ఒక వార్ ధర ఇప్పుడు సుమారు 8 నుంచి 10 మిలియన్ డాలర్లు. 9 పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా అదే వాడండి. మధ్యలో మార్చితే లెక్క మీకు నచ్చిన వైపు వంగుతుంది.

సూత్రం ఇంతే: (వార్ × 9) నుంచి జీతం తీసేయండి. మిగిలేదే మిగులు. ట్రేడ్‌లో రెండు జట్లూ తూచేది దీన్నే.

స్టార్ బ్యాటర్ వాన్ సోటో అమ్మకాల్లో ఇది కళ్లకు కడుతుంది. 2022 ఆగస్టు 2న వాషింగ్టన్ నేషనల్స్ అతన్ని శాన్ డియేగో పాడ్రెస్‌కి పంపింది. అంతకుముందు 15 ఏళ్లకు 440 మిలియన్లు ఇస్తామంటే అతను ఒప్పుకోలేదు. అప్పటికి అతని మీద మిగిలిన హక్కు ఆ సీజన్‌లో మూడో వంతు, పైన రెండు పూర్తి ఏళ్లు. ఏడాదికి 6 వార్ అనుకుంటే 2 + 6 + 6 = 14 గెలుపులు, అంటే 126 మిలియన్లు. జీతాలు: 2022లో 17.1 మిలియన్లలో మిగిలిన భాగం సుమారు 6, 2023కి 23, 2024కి 31, మొత్తం 60. మిగులు 66 మిలియన్లు. అందుకే ధర అంత పలికింది: షార్ట్‌స్టాప్ సీజే ఏబ్రమ్స్, పిచ్చర్ మెకెంజీ గోర్, కుర్రాళ్లు జేమ్స్ వుడ్, రాబర్ట్ హాసెల్, హార్లిన్ సుసానా, వీళ్లతోపాటు ల్యూక్ వోయిట్. సోటోతో జాష్ బెల్ కూడా వచ్చాడనుకోండి, కానీ అతనికి మిగిలింది రెండు నెలలే.

పదహారు నెలలు గడిచాయి. 2023 డిసెంబర్‌లో అదే సోటో న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్లాడు. వయసు ఇంకా 25, ఆట తగ్గలేదు. కానీ మిగిలింది ఒక్క ఏడాదే: 6 × 9 = 54, అందులో 31 పోతే 23 మిలియన్లు. ట్రెంట్ గ్రిషమ్‌తో కలిపి ఇస్తే పాడ్రెస్‌కి దక్కింది మైకేల్ కింగ్, డ్రూ థోర్ప్, మరో ఇద్దరు పిచ్చర్లు, ఒక క్యాచర్. వీళ్లలో ఏబ్రమ్స్, వుడ్ స్థాయి కుర్రాడు లేడు. మూడో వంతు మిగులుకు అందిన ధర అది. "సోటోలాంటివాణ్ని ఇంత చవగ్గానా" అని ఆ రోజు గగ్గోలు పెట్టినవాళ్లు చూడనిది క్యాలెండర్‌ని.

ఆ 2024లో సోటో ఇచ్చింది 6 కాదు, దాదాపు 8. అయినా మీ కాగితంలో 6 కొట్టేసి 8 రాయకండి. ట్రేడ్ జరిగిన తేదీ పైన వేసి, ఆ రోజు తెలిసినదానితోనే తీర్పు చెప్పండి. ఫలితం కోసం పక్కన ఇంకో నిలువు గీత గీసుకోవచ్చు.

ఓ మినహాయింపు. ఇద్దరు 3 వార్ ఆటగాళ్లు ఒక 6 వార్ ఆటగాడితో సమానం కారు. బ్యాటింగ్ వరసలో తొమ్మిది చోట్లే ఉంటాయి, ఒక్క చోటులో 6 వస్తే ఇంకో చోటు ఖాళీగా మిగులుతుంది. కాబట్టి నిజమైన స్టార్‌కి లెక్కకన్నా కాస్త ఎక్కువే ఇవ్వాలి.

4. కుర్రాళ్లకు ధర కట్టేటప్పుడు చేయి బిగపట్టండి

కాకి పిల్ల కాకికి ముద్దు. ప్రతి అభిమానికీ తన జట్టు కుర్రాడు రేపటి స్టార్, ఎదుటి జట్టు కుర్రాడు ఉత్త పేరు. స్కౌట్లు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. అభిమాని కంటికి చిన్నగా కనిపించే 50కీ 60కీ మధ్య తేడా డాలర్లలో రెట్టింపుకి అటూ ఇటూగా ఉంటుంది. 45 మార్కుల వాళ్లు ముగ్గురిని పోగేస్తే ఒక 60 అవ్వడు. ఆ ముగ్గురూ ప్రతి జట్టు దగ్గరా ఉంటారు.

పిచ్చింగ్ కుర్రాళ్లకు, మార్కులు ఒకటే అయినా, బ్యాటర్లకన్నా తక్కువ కట్టండి. మోచేతి లిగమెంట్ తెగి టామీ జాన్ శస్త్రచికిత్స దాకా వెళ్తే ఏడాది, ఏడాదిన్నర పోయినట్టే. బ్యాటర్ల మీద నమ్మకం కూడా హద్దుల్లోనే: సోటో ట్రేడ్ రోజున హాసెల్ పేరు వుడ్ పేరు పక్కనే వినిపించింది. 2025లో ఆల్‌స్టార్ అయింది వుడ్.

5. సంతకాల దగ్గర మొత్తం అంకెకు మోసపోకండి

జపాన్ స్టార్ షోహే ఒటాని 2023 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో 10 ఏళ్లకు 700 మిలియన్లకు ఒప్పుకున్నాడు. ఏడాదికి 70. అందులో 68 వడ్డీ లేకుండా 2034 నుంచి 2043 వరకు అందుతుంది, ఇప్పుడు చేతికొచ్చేది 2. ఆలస్యంగా వచ్చే డాలరు చిన్నది కాబట్టి పన్ను లెక్కలో ఏడాదికి సుమారు 46 మిలియన్లే పడుతుంది. ఏడాది తర్వాత సోటో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు 765 మిలియన్లకు సంతకం చేశాడు, వాయిదా ఏమీ లేదు. పన్ను లెక్కలో ఏడాదికి 51. ఏడాది సగటులో 70 ముందు 51 చిన్నది, పన్ను పుస్తకంలో మాత్రం సోటోదే పెద్దది.

వయసు మీరినవారి కాంట్రాక్టులకు ఏడాదికో గడి గీయండి. మళ్లీ బ్రయంటే: 2022లో 30 ఏళ్ల వయసులో కొలరాడో రాకీస్ 7 ఏళ్లకు 182 మిలియన్లు ఇచ్చింది. ఉదారంగా మొదటి ఏడాది 3.5 వేసి ఏటా అర తగ్గిస్తే 3.5, 3, 2.5, 2, 1.5, 1, 0.5, మొత్తం 14. అంటే 126 మిలియన్లు. గెలుపు ధర ఏటా 5 శాతం పెరుగుతుందనుకున్నా 140 దాటదు. గాయాలు రాకముందే, సంతకం రోజునే 40 మిలియన్లు లోటు. తర్వాత గాయాలూ వచ్చాయి. మొదటి నాలుగు సీజన్లలో అతను ఆడింది మొత్తం 170 మ్యాచ్‌లు.

ఆటగాడికి మధ్యలో బయటపడే హక్కు ఉంటే దాన్ని జట్టు ఖర్చుగానే రాయండి. బాగా ఆడితే వెళ్లిపోతాడు, ఆడకపోతే ఉండిపోతాడు. రెండు వైపులా నష్టం జట్టుదే.

6. కొనేది ఎవరో చూడండి

"డబ్బు ఓనర్‌ది, మనకేంటి" అనేది అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే. 2026లో పన్ను గీత 244 మిలియన్లు. మొదటిసారి దాటితే పైన ఉన్న మొత్తం మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. గీతను 60 మిలియన్లకు మించి దాటితే ఆ పై భాగానికి మరో 60 శాతం. అంటే వరసగా మూడో ఏడాది గీత దాటి అక్కడికి చేరిన జట్టుకు 10 మిలియన్ల ఆటగాడు 21 మిలియన్లకు పడతాడు. గీత కింద ఉన్న జట్టుకు అదే ఆటగాడు పదికే వస్తాడు.

గెలుపు విలువ కూడా అందరికీ ఒకటి కాదు. 88 గెలుపుల దగ్గర ఊగిసలాడే జట్టుకు రెండు అదనపు గెలుపులు ప్లేఆఫ్స్ టికెట్. 70 దగ్గరున్న జట్టుకు అవి ఎందుకూ కొరగావు.

7. చివరగా, అసలు కుదురుతుందా?

చాలా ప్రతిపాదనలు ఇక్కడే పడిపోతాయి. ఒకణ్ని ఇచ్చి ముగ్గురిని తీసుకునే జట్టుకు 40 మంది జాబితాలో (మేజర్ లీగ్ కాంట్రాక్టున్నవాళ్ల పట్టిక) చోటుందా? పదేళ్ల సర్వీసుండి, చివరి ఐదేళ్లూ ఒకే జట్టులో ఉన్న ఆటగాడు ఒప్పుకోకపోతే ట్రేడ్ జరగదు. ఆ ఏడాది డ్రాఫ్టులో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) తీసుకున్న కుర్రాణ్ని వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) ముగిసేదాకా ఇవ్వడానికి లేదు. డ్రాఫ్టు వంతుల్లో చేతులు మారేవి కాంపిటిటివ్ బ్యాలన్స్ వంతులు (చిన్న జట్లకు ఇచ్చే అదనపు వంతులు) మాత్రమే, కాబట్టి "మన మొదటి రౌండ్ వంతు ఇచ్చేద్దాం" అన్న మాట ఇక్కడ చెల్లదు.

కాంట్రాక్టులో ట్రేడ్‌ను కాదనే జట్ల జాబితా ఉందేమో కూడా చూడండి. సోటో ట్రేడ్‌లో పాడ్రెస్ మొదట పంపాలనుకున్నది వోయిట్‌ని కాదు, ఎరిక్ హాస్మర్‌ని. అతని జాబితాలో వాషింగ్టన్ ఉంది. అతను కాదన్నాడు, ఆ చోటులోకి వోయిట్ వచ్చాడు, హాస్మర్ అదే రోజు బోస్టన్‌కి వెళ్లాడు.