మైలు దూరపు గురి – 4వ పాఠం: తాటిమట్టలు చెప్పే గాలి

పోయిన పాఠంలో బుల్లెట్ ఎంత కిందికి జారుతుందో లెక్క వేశాం. .338 లాపువా మాగ్నమ్ లాంటి గట్టి బుల్లెట్‌కు కూడా మైలు దూరం, అంటే 1,609 మీటర్లు, చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. ఆలోపు పదంతస్తుల మేడంత, దగ్గరదగ్గర 30 మీటర్లు కిందికి జారుతుంది. వినడానికి టెన్షన్ పుట్టినా ఆ లెక్క మనల్ని మోసం చేయదు. దూరం, బుల్లెట్ వేగం సరిగ్గా తెలిస్తే భూమ్యాకర్షణ రోజూ ఒకే మాట మీద ఉంటుంది. మాట మార్చేది గాలి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ నాలుగు గోడల మధ్య జరిగేది. అక్కడ గాలి లెక్క ఉండదు. మన మైలు దగ్గర మాత్రం, పక్క నుంచి వీచే గాలి సెకనుకు 1 మీటరు మారితే చాలు, బుల్లెట్ తగిలే చోటు దాదాపు ఒక మీటరు జరుగుతుంది. ఆ గాలి మొహానికి తెలియను కూడా తెలియదు. బీడీ పొగ పక్కకు వాలితే కనిపెట్టాల్సిందే.

ముందు దిక్కు చూసుకోండి. టార్గెట్‌ను గడియారంలో 12 అనుకోండి. 3 నుంచో 9 నుంచో వచ్చే గాలిది పూర్తి బలం. 1 వైపు నుంచి వస్తే సగం లెక్క వేయాలి. ఎదురుగాలి, వెనకగాలి బుల్లెట్‌ను పక్కకు నెట్టవు.

తర్వాతది ఏ చోటి గాలి అన్నది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒకసారి 900 మీటర్ల పోటీలో టార్గెట్ దగ్గరి జెండా వాలిపోయి ఉంది. గాలి లేదనుకుని స్కోప్‌ను, అంటే రైఫిల్ మీది దుర్భిణిని, గాలికి తగ్గట్టు తిప్పకుండానే కాల్చాను. నా మోచేతి పక్కన గడ్డి ఎడమ నుంచి కుడికి ఊగుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. బుల్లెట్ రెండడుగులు కుడికి పోయింది. మొదట్లోనే పక్కకు నెట్టించుకున్న బుల్లెట్ చివరిదాకా ఆ వాలులోనే పోతుంది కాబట్టి, మన దగ్గరి గాలిని చిన్నచూపు చూడకూడదు. కళ్లంలో వడ్లు తూర్పార పట్టే మనిషిని చూడండి. చాట ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగి, తన ఒంటికి తగిలే గాలిని చూసుకుంటాడు. పొల్లు ఎక్కడ పడుతుందో అతనికి ముందే తెలుసు.

మైలు దూరానికి ఇంకో చిక్కుంది. బుల్లెట్ విల్లులా వంగి పోతుంది, మధ్యలో మన చూపు గీత కన్నా దాదాపు 10 మీటర్ల పైకి లేస్తుంది. అక్కడి గాలి నేల మీది గాలి కన్నా బలంగా ఉంటుంది. గడ్డిని చూసి వేసిన లెక్క అక్కడ తక్కువ పడుతుంది. నల్గొండ వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది, ఏ పొలం గట్టున చూసినా తాటిచెట్టే. దాని తల సరిగ్గా మనకు కావలసిన ఎత్తులో ఉంటుంది. కింద పత్తి ఆకు కదలకపోయినా పైన మట్టలు గలగలమంటుంటే ఆ గాలినే నమ్మండి.

ఎండ ముదిరాక ఎండమావులు సాయం చేస్తాయి. బైనాక్యులర్‌ను దూరపు కరెంటు స్తంభం మీద నిలిపి, ఫోకస్‌ను కాస్త ఇవతలికి తిప్పండి. స్తంభం మసకబారి, దాని ముందు గాలి కాలువలో నీళ్లలా పారుతుంది. నెమ్మదిగా, అలలు అలలుగా పారితే గాలి చిన్నది. పలుచగా, సాపుగా పరిగెడితే పెద్దది. సుమారు సెకనుకు 5 మీటర్లు దాటితే ఎండమావిలో తేడా పట్టలేం. ఎసట్లో నీళ్లు మరిగినట్టు నిట్టనిలువుగా లేస్తే గాలి ఆగిందనో, మన గీత వెంబడే వీస్తోందనో అర్థం. అప్పుడు కాల్చకండి, మరుక్షణం ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఈ వారం సాధనకు రైఫిల్ అక్కర్లేదు. ఆయుధ చట్టం, 1959 ప్రకారం లైసెన్సు తీసుకుని, అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లోనే రైఫిల్ పట్టాలి. ఊరి పొలాల వైపు రైఫిల్ స్కోప్‌తో చూడను కూడా చూడొద్దు. ఒక బైనాక్యులర్, ఒక నోటుబుక్ చాలు. పానగల్లు ఉదయ సముద్రం కట్టో, మీ ఊరి చెరువు కట్టో ఎక్కి ఆయకట్టు వైపు చూడండి. పొద్దున 7కు, మళ్లీ 11కు మీ దగ్గర, మధ్యలో, దూరాన గాలి ఎటు, ఎంత అన్నది రాయండి. ఆకులు, సన్న కొమ్మలు ఆగకుండా కదులుతుంటే సెకనుకు 3 నుంచి 5 మీటర్లు, దుమ్ము లేస్తుంటే 6 పైన అని వేసుకోండి. మూడు చోట్లా ఒకే గాలి ఉన్న రోజు దొరికితే ఆ పేజీకి గుర్తు పెట్టండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.