అమైలాయిడ్ బీటా పోగులు కట్టే వేగాన్ని థయోఫ్లావిన్‌తో కొలవడం ఎలా

వేసవి ప్రాజెక్టుల కోసం తెలుగు జిల్లాల నుంచి బెంగళూరు ప్రయోగశాలలకు వచ్చే ఎమ్మెస్సీ విద్యార్థులలో అల్జీమర్స్ వ్యాధిపై పని చేయాలని కోరుకునేవారు చాలామందే ఉంటారు. వారికి మొదట అప్పగించే పని తరచుగా అమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీన్ ముక్క (పెప్టైడ్) ఎంత వేగంగా సన్నని దారాల్లాంటి పోగులు (ఫైబ్రిల్స్) కడుతుందో కొలవడం. పోగులకు అంటుకున్నప్పుడు గట్టిగా వెలిగే థయోఫ్లావిన్ టి అనే రంగుతో దీన్ని కొలుస్తారు. ఈ ప్రయోగం బాగోగులు చాలావరకు పెప్టైడ్‌ను కరిగించేటప్పుడే తేలిపోతాయి కనుక, ఇక్కడ ఆ భాగాన్నే విస్తరించి రాస్తున్నాను.

ముందు కొంత నేపథ్యం అవసరం. కణపు పొరలో ఉండే అమైలాయిడ్ ప్రికర్సర్ ప్రోటీన్‌ను బీటా సెక్రిటేజ్, ఆపై గామా సెక్రిటేజ్ అనే ఎంజైములు కత్తిరించినప్పుడు ఈ పెప్టైడ్ విడుదలవుతుంది. 40 అమైనో ఆమ్లాల రూపం ఎక్కువగా తయారవుతుంది. చివర మరో రెండు అమైనో ఆమ్లాలున్న 42 రూపం తక్కువగా తయారైనా చాలా త్వరగా పోగులు కడుతుంది. 1906లో అలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడులో చూసినట్టు వివరించిన ఫలకాలలో ప్రధాన పదార్థం ఈ పెప్టైడే. ఒకసారి ఏర్పడిన పోగు ఊరకే ఉండదు. దాని ఉపరితలం మీదనే కొత్త చిన్న గుంపులు పుట్టి, విడివడి, మళ్లీ పోగులవుతాయి. గిన్నెడు పాలను చెంచాడు తోడు పెరుగుగా మార్చినట్టే, ద్రావణంలో కంటికి కనిపించనంత పాత పోగు మిగిలి ఉన్నా మొత్తం పెప్టైడ్‌ను తనవైపు తిప్పుకుంటుంది. అందుచేత మన మొదటి పని ఆ తోడును పూర్తిగా తొలగించడం.

కొన్న పెప్టైడ్ పొడిని హెక్సాఫ్లోరో ఐసోప్రొపనాల్‌లో 1 మిల్లీమోలార్ గాఢతకు కరిగించండి. 42 రూపం అణుభారం సుమారు 4,514 కనుక, 1 మిల్లీగ్రాముకు దాదాపు 220 మైక్రోలీటర్లు సరిపోతుంది. ఈ ద్రావకం కళ్లకూ చర్మానికీ తీవ్రమైన హాని చేస్తుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్, కళ్లద్దాలతోనే పని చేయాలి. గది ఉష్ణోగ్రతలో ఒక గంట ఉంచి, చిన్న భాగాలుగా పంచి, హుడ్‌లోనే రాత్రంతా ఆరనిచ్చి, ఆపై వాక్యూమ్‌లో మరో గంట ఉంచితే ట్యూబు అడుగున పలుచని పొర మిగులుతుంది. ఆ ట్యూబులకు మూత పెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచి ఫ్రీజర్‌లో భద్రపరచండి. తీసినప్పుడు ట్యూబు గది వేడికి వచ్చేదాకా మూత తెరవకండి. నా తొలి నెలల రీడింగులు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణం, జూలై వర్షాల్లో చల్లని ట్యూబును తొందరపడి తెరవడమేనని ఆలస్యంగా గ్రహించాను; బెంగళూరు గాలిలోని తేమ ఆ పొర మీద నీరుగా చేరిపోయేది.

ప్రయోగం రోజున ఆ పొరను 10 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించండి. ఈ పెప్టైడ్ ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ 5.3 దగ్గర ఉంటుంది, అక్కడ అది సులువుగా ముద్ద కడుతుంది. క్షారం వైపు నుంచి మొదలుపెడితే ఆ గండం తప్పుతుంది. తరువాత 4 డిగ్రీల వద్ద అధిక వేగంతో సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రావణాన్ని మాత్రమే తీసుకోండి. మీ ప్రయోగశాలలో అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్ ఉంటే, ఒక రోజు ఎక్కువ పట్టినా దాని ద్వారా గుంపు కట్టని ఒంటరి పెప్టైడ్‌ను (మోనోమర్) వేరు చేసుకోవడమే ఉత్తమం. గాఢతను 280 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ ద్వారా కొలవండి. పెప్టైడ్‌లో ఉన్నది ఒకే టైరోసిన్ కనుక 100 మైక్రోమోలార్ ద్రావణం సుమారు 0.15 మాత్రమే చూపుతుంది. ట్యూబులు ప్రోటీన్ అంటుకోని రకంవై ఉండాలి, అవి మంచు మీదే ఉండాలి.

ఇక ప్లేటు సంగతి. చల్లని ఫాస్ఫేట్ బఫర్‌లో పెప్టైడ్ 10, వడపోసిన థయోఫ్లావిన్ టి 20 మైక్రోమోలార్ ఉండేలా కలిపి, అంటుకోని పూత ఉన్న నల్లని 96 గుంటల ప్లేటులో బుడగలు రాకుండా పోయండి. గాలి, నీరు కలిసే చోట పోగులు త్వరగా మొదలవుతాయి కనుక బుడగ ఉన్న గుంటను లెక్కలోకి తీసుకోకూడదు. పైన సీలు అంటించి, 37 డిగ్రీల వద్ద, కుదపకుండా, 440 నానోమీటర్ల కాంతిని ప్రసరింపజేసి 485 దగ్గర వెలువడే కాంతిని 5 నిమిషాలకొకసారి కొలవండి. ప్రతి నమూనాకు కనీసం నాలుగు గుంటలు కేటాయించండి. కొంతసేపు కదలిక లేని గీత, ఆపై నిటారుగా పెరుగుదల, చివరకు సమతలం కనిపించాలి. మొదటి రీడింగు నుంచే గీత పైకి లేస్తుంటే తోడు మిగిలిపోయిందని అర్థం చేసుకుని, కరిగించే దశకు తిరిగి వెళ్లండి.

ఏదైనా పదార్థం పోగులను అడ్డుకుంటుందా అని చూసేవారు మరింత జాగ్రత్త వహించాలి. పసుపులోని కుర్క్యుమిన్ 425 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. అందువల్ల పోగులు నిండుగా ఉన్నా థయోఫ్లావిన్ కాంతి తగ్గినట్టు కనిపిస్తుంది. ముందే తయారైన పోగులకు అదే పదార్థాన్ని కలిపి కాంతి వెంటనే పడిపోతుందేమో చూడండి. పడిపోతే ఆ తగ్గుదలను నిరోధంగా నమోదు చేయకూడదు. పోగులను సెంట్రిఫ్యూజ్‌లో దించి, పై ద్రావణంలో ఎంత పెప్టైడ్ మిగిలిందో విడిగా కొలవాలి. నిరోధం నిజమేనని తేలినా దానిని మందుగా పేర్కొనకండి: రోగుల మెదళ్ల నుంచి తీసిన పోగుల ఆకృతి, ప్రయోగశాలలో పెరిగిన వాటికంటే భిన్నమని 2022లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (నమూనాను అతి చల్లగా గడ్డకట్టించి చూసే పద్ధతి) చిత్రాలు చూపాయి.

చివరిగా, గీత లేవకముందు, సగంలో, సమతలం చేరాక మూడు సార్లు గుంటల్లోంచి 5 మైక్రోలీటర్ల చొప్పున తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గ్రిడ్ల మీద వేయండి. మైక్రోస్కోపు సమయం దొరకడానికి రోజులు పడుతుంది కాబట్టి, పెప్టైడ్ ట్యూబును ఫ్రీజర్‌లోంచి తీయడానికి ముందే ఆ తేదీని ఖాయం చేసుకోండి.