పైపులా, బాక్సా, స్లాబా: మురుగు కోడు మీద వంతెన ఎంచుకున్న విధం

అమలాపురం దిగువన ఒక మురుగు కోడు (చేలలోని మిగులు నీరు బయటికి పోయే కాలువ) మీద, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను హ్యూమ్ పైపులు, అంటే గుండ్రని కాంక్రీటు గొట్టాలు వేయించాను. నాలుగు వరుసలు, పైన మట్టి, ఆ పైన రోడ్డు. చవక, త్వరగా అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు. రెండో సార్వాకే (వానాకాలపు వరికే) గుర్రపు డెక్క వచ్చి పైపుల మూతుల దగ్గర చాపలా పరుచుకుంది. దాని మీద అరటి బోదెలు, కొబ్బరి మట్టలు చేరాయి. నీరు ఎగదన్ని పైనున్న చేలలో ఊడ్చిన నాట్లు మునిగాయి. రైతులు నన్ను తిట్టలేదు. గట్టు మీద నిలబడి చూశారు, అంతే. తిట్టినా బాగుండేది.

చాలా ఏళ్ల తరువాత అవే పైపులు తీసి వేరేది కట్టే పని మళ్ళీ నా చేతికే వచ్చింది. డిజైన్ ఎలా ఎంచుకోవాలో పద్ధతిగా నేర్చుకున్నది అప్పుడే. కొత్తగా చేరిన ఇంజనీర్లకు పనికొస్తుందని ఆ వంతెన లెక్కతోనే చెబుతున్నాను.

మొదట చేయాల్సింది జల్లెడ పట్టడం. కొన్ని షరతులకు మార్కులు ఉండవు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మాకు అలాంటివి మూడు. వరద నీటి లెక్కకు సరిపడా దారి ఉండాలి. ఐఆర్‌సీ (రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) చెప్పిన భారాలు మోయాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజు నుంచి సార్వాకు మళ్ళీ నీరు వదిలే లోపు కోడులో పని పూర్తి కావాలి. ఫ్యాక్టరీలో పోసి తెచ్చే ప్రీకాస్ట్ బాక్సులు (అడుగు, పక్కలు, పైకప్పు ఒకటిగా ఉన్న కాంక్రీటు పెట్టెలు) ఈ మూడింటికీ నిలిచాయి కానీ, వాటిని దించే క్రేను ఆ గట్టు మీదకు రాదు. అవి అక్కడే పోయాయి. ఉక్కు గర్డర్లను కూడా పక్కన పెట్టాం. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఏటేటా రంగు వేయించే దిక్కు ఎవరుంటారు? నిజానికి అది జల్లెడలో పట్టాల్సిన షరతు కాదు, మార్కులు తగ్గించి ఉంచాల్సింది. నేను కొంచెం తొందరపడ్డాను.

మిగిలినవి నాలుగు: మళ్ళీ కాస్త పెద్ద పైపులు, రెండు గదుల బాక్సు, రాతి గోడల మీద ఒకే స్లాబు, ఏమీ చేయకుండా ఉన్న పైపులనే ఏటా శుభ్రం చేయించడం. ఈ చివరిదాన్ని ఎప్పుడూ వదలకండి. మిగతావాటి విలువ దాని పక్కన పెడితేనే తెలుస్తుంది.

ఇక్కడ స్టువర్ట్ ప్యూ అనే బ్రిటిష్ ఇంజనీరు పద్ధతి పనికొస్తుంది. ఒక డిజైన్‌ను కొలబద్దగా పెట్టుకుని, ఒక్కో అంశంలో మిగతావి దానికంటే మేలైతే కూడిక గుర్తు, తక్కువైతే తీసివేత గుర్తు, సమానమైతే సున్నా వేస్తారు. మార్కుల్లేవు, దశాంశాల్లేవు. మేము ఉన్న పైపులను కొలబద్దగా పెట్టుకున్నాం. నీటి ప్రవాహంలో బాక్సుకూ స్లాబుకూ కూడిక. మెత్తని నేల మీద నిలవడంలో స్లాబుకు తీసివేత, ఎందుకంటే భారమంతా రెండు గోడల కిందకు దిగుతుంది. బాక్సుకు సున్నా, దాని అడుగు పలక భారాన్ని పరిచి దించుతుంది. మొదటి పెట్టుబడిలో రెండింటికీ తీసివేత. పెద్ద పైపులకు అన్నింటిలోనూ దాదాపు సున్నాలే. పదిహేను నిమిషాల్లో ఆ సంగతి తేలిపోయింది. గెలిచేది ఎవరో చెప్పడం కంటే, ఏ డిజైన్‌లో ఏ తీసివేత ఉందో, దాన్ని కూడికగా మార్చే మార్గం ఏమైనా ఉందో చూపించడం ఈ పద్ధతి అసలు బలం. అక్కడికి మళ్ళీ వస్తాను.

తరువాత మార్కుల పట్టిక. ధరలు చూడకముందే అంశాలకు ప్రాధాన్యం కాగితం మీద రాసి సంతకం పెట్టించండి. ధర తెలిశాక రాస్తే ప్రతివాడి చేయీ తనకు నచ్చినదాని వైపు లాగుతుంది. నా చేయి కూడా. మేము రాసుకున్నది నూటికి ఇలా: నీరు అడ్డం లేకుండా వెళ్ళడం 40, నేల మీద నిలవడం 25, 30 ఏళ్ళ మొత్తం ఖర్చు 20, కొబ్బరికాయల ట్రాక్టరు ఎక్కి దిగే వాలు 15. మొదట ‘నిర్వహణ సులువు’ అని ఇంకో అంశం కూడా పెట్టాను. శుభ్రం చేసే కూలి అప్పటికే 30 ఏళ్ళ ఖర్చులో ఉంది కాబట్టి దాన్ని రెండుసార్లు లెక్కపెడుతున్నానని ఒక కుర్ర ఇంజనీరు పట్టుకున్నాడు. తీసేశాను. అలాగే అన్ని డిజైన్లకూ ఒకే మార్కు వచ్చే అంశం ఉంటే అది పట్టికలో బరువు తప్ప ఇంకేమీ కాదు. తీసేయండి.

మార్కు 1 నుంచి 5 దాకా. ఏ మార్కుకు ఏమిటి అర్థమో ముందే మాటల్లో రాసుకోవాలి. ఉదాహరణకు ప్రవాహంలో 1 అంటే ప్రతి సార్వాలో మనుషులు దిగి తీయాల్సిందే. 3 అంటే పెద్ద వానలప్పుడు మాత్రమే. 5 అంటే డెక్క దానంతట అది దాటి పోతుంది.

మొత్తం ఖర్చు ఎలా వేయాలో కాస్త ఆగి చెబుతాను, అందరూ తడబడేది ఇక్కడే. లెక్క కోసం రౌండు సంఖ్యలు తీసుకుందాం. పెద్ద పైపులకు 9 లక్షలు, ఏటా శుభ్రానికి 80 వేలు. బాక్సుకు 16 లక్షలు, ఏటా 10 వేలు. ఏటా ఖర్చును నేటి విలువకు తేవాలంటే వడ్డీ రేటును బట్టి ఒక గుణకం ఉంటుంది. 8 శాతం, 30 ఏళ్ళకు అది 11.26. పైపులు 9కి 9 కలిసి 18 లక్షలు. బాక్సు 16కి 1.13 కలిసి 17.13 లక్షలు. బాక్సు చవక! ఇప్పుడు వడ్డీ 12 శాతం అనుకోండి, గుణకం 8.06 అవుతుంది. పైపులు 15.4, బాక్సు 16.8. లెక్క తిరగబడింది. రెండూ సమానమయ్యేది దాదాపు 9.3 శాతం దగ్గర. అంటే ఇక్కడ గెలుపును డిజైన్ నిర్ణయించలేదు, నేను అనుకున్న వడ్డీ నిర్ణయించింది. అందుకే ఈ అంశానికి 20కి మించి ఇవ్వలేదు. పెద్ద పైపులు ప్యూ పట్టికలోనే వెనకబడినా, మళ్ళీ ఎవరో అడుగుతారని ఇక్కడా ఉంచాను.

మార్కులు వేసి, ఒక్కో మార్కునూ ఆ అంశం ప్రాధాన్యంతో గుణించి కూడితే బాక్సుకు 360, స్లాబుకు 370 వచ్చాయి, 500కు. పెద్ద పైపులకు 245. ఏమీ చేయకపోవడం అంతకంటే కింద. స్లాబు గెలిచిందని కాగితం మడిచేయకండి. ఆ పది మార్కుల తేడాకు విలువ లేదు. ప్రవాహం 40 నుంచి 35కు దించి, నేలను 25 నుంచి 30కి పెంచి చూశాను. బాక్సు 365, స్లాబు 355. ఐదు మార్కుల ప్రాధాన్యం జరిగితేనే గెలుపు చేయి మారితే, ఆ రెండింటిలో ఏదీ స్పష్టంగా మేలు కాదన్నమాట.

అప్పుడే ప్యూ పట్టికకు తిరిగివెళ్ళాం. బాక్సు ప్రవాహంలో 3 దగ్గర ఆగింది ఎందుకు? ఆ రోజు గట్టు మీద లాకు దగ్గర పనిచేసే లస్కరును అడిగాను. ఆయన పంచె మడిచి నీటిలోకి దిగి, చేతికర్రతో చూపించారు. “ఆయ్, బాబుగారూ, డెక్క గోడలకు పట్టదండీ. మధ్యలో నిలిచిన దానికి పడుతుంది. ఒక బోదె దానికి అడ్డం తిరిగిందంటే, మిగతాదంతా దాని వెనకే చేరుతుంది.” రెండు గదుల మధ్య గోడే దోషమన్నమాట. ఆ గోడ తీసేస్తే, బాక్సు అడుగు పలక బలం, స్లాబు తెరిచిన దారి, రెండూ దొరుకుతాయి. ఒకే వెడల్పాటి గది గల బాక్సు. పై పలక మందమవుతుంది, ఉక్కు పెరుగుతుంది, ఖర్చులో ఒక మార్కు తగ్గింది. మార్కులు మళ్ళీ వేస్తే 420. ప్రాధాన్యాలు మార్చినా 415. దాన్నే కట్టాం.

ఒక అంశం మీదే కన్నేసి ఎంచే అలవాటు ఉన్నవాళ్ళకు ధవళేశ్వరం గుర్తు చేస్తుంటాను. అక్కడ గోదావరి మీద ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. నది బాగా వెడల్పైన చోట కట్టారు. పొడవు ఒక్కటే చూస్తే ఆ చోటు మొదటే కొట్టేయాల్సింది. కానీ అక్కడ నది మధ్యనున్న లంకలు పనిని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా విడదీశాయి. అక్కడి నుంచే డెల్టా కాలువలకు నీరు పారింది.

చివరగా ఫైలు గురించి. గెలిచిన డిజైన్ గీతలు ఎలాగూ భద్రంగా ఉంటాయి. ఓడినవాటి పట్టిక కూడా, తేదీతో, ఎవరు ఏ మార్కు వేశారో రాసి పెట్టండి. ఐదేళ్ళకు ఎవరో వచ్చి, “పైపులు వేస్తే సగం ఖర్చుకే అయ్యేది కదండీ” అంటారు. వచ్చారు కూడా. పాత కాగితం తీసి చూపించాను. టీ మరక పడి పసుపెక్కింది. బాక్సు గడిలో 3 కొట్టేసి పక్కన 5 రాసి, ‘ఒకే గది, లస్కరు చెప్పిన మీదట’ అని నా దస్తూరీలోనే ఉంది.