బ్యాండు మోతలో సామ్రాజ్యాన్ని వినడం ఎలా

పెళ్లి ఊరేగింపులో ఎర్ర కోట్లు, భుజాల మీద జరీ తాళ్లు, మెడలో పెద్ద డ్రమ్ముతో వచ్చే బ్యాండువాళ్లను చూసే ఉంటారు. ఆ వేషం, ఆ మోత బ్రిటిష్ కాలపు సైనిక బ్యాండు నుంచి వచ్చినవి. ఆ జాడ చెవితో పట్టుకోవాలంటే ముందు పాట మాటలు పక్కన పెట్టేయండి. సైన్యపు సంగీతం పట్టేది కాళ్లని. మార్చ్ వింటూ మీ పాదం ఎడమ, కుడి అని దానంతటదే పడుతోందేమో చూసుకోండి. వందమందిని ఒక్కలా నడిపించడానికి కట్టిన లయ అది, పక్కన నిలబడి చూసే జనాన్ని కూడా లాక్కుపోతుంది.

తర్వాత గమకం, అంటే మన సంగీతంలో స్వరాన్ని ఊపే తీరు, ఉందో లేదో వినండి. దీనికి నేను ఎప్పుడూ చెప్పేది ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలే. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించిన బాణీలు విని, వాటికి ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు. 'సంతతం పాహిమాం' తీసుకోండి. స స రి ని స రి, గ గ మ గ రి స అని నెమ్మదిగా పాడుకుంటే అది బ్రిటిష్ రాజగీతం బాణీయే! స్వరాలన్నీ ఊగకుండా నిటారుగా నిలబడతాయి, శంకరాభరణ రాగం అనిపిస్తూనే శంకరాభరణంలా ఉండదు. దీన్ని లొంగిపోవడం అనడం నాకు నచ్చదు, రాజును పొగిడే బాణీలో ఆయన అమ్మవారిని కూర్చోబెట్టారు.

వాయిద్యం ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా చూడాలి, చాలామంది ఇది వదిలేస్తారు. పెద్ద డ్రమ్ము, తాళాలు యూరప్ సైన్యాలకు ఒట్టోమన్ తుర్కుల సైనిక మేళమైన మెహ్తర్ నుంచి వచ్చాయి. తీరా 1826లో సుల్తాన్ రెండో మహమూద్ తన పాత కాల్బలమైన జానిసరీలతో పాటు ఆ మేళాన్నీ రద్దు చేసి, 1828లో ఇటలీ నుంచి జుసెప్పె దోనిజెట్టిని పిలిపించి యూరప్ పద్ధతి బ్యాండు పెట్టించాడు. బలం ఎటు మొగ్గితే బాణీ అటు మొగ్గుతుంది.

ఇక ఏం మారింది, ఏం మిగిలింది అన్నది చూడటానికి ఢిల్లీలో ఏటా జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్ ఉంది, గణతంత్ర వేడుకలకు ముగింపుగా సైనిక బ్యాండ్లు వాయించే కార్యక్రమం అది. 2022లో అక్కడ పాత క్రైస్తవ ప్రార్థనాగీతం తీసేసి 'ఐ మేరే వతన్ కే లోగో' పెట్టారు. ఈసారి టీవీలో వచ్చినప్పుడు కళ్లు మూసుకుని వినండి: బాణీలు మనవే, కింద బ్యాగ్‌పైపు శ్రుతి, బూట్ల నడక మాత్రం పాతవే.