కొత్త బ్యాటరీ వేసినా కారు మొరాయిస్తుంటే

బ్యాటరీ దొంగతనం జరిగి కొత్తది వేయించాక కూడా స్టార్టర్ టక్‌టక్‌మని ఆగిపోతుంటే, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) మీద డబ్బు పెట్టేముందు కేబుళ్లు చూడండి. దొంగ తీరిగ్గా స్పానర్‌తో విప్పడు కదా, గుంజేస్తాడు లేదా కోసేస్తాడు.

మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దాదాపు 12.6 చూపాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. మీటర్ ఒక ప్రోబ్ నెగెటివ్ పోస్టు మీద (కేబుల్ చివరి క్లాంప్ మీద కాదు, బ్యాటరీ సీసపు పోస్టు మీదే), రెండోది ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి ఆనించి, ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. ఆ క్షణంలో 0.5 వోల్టు దాటితే ఎర్త్ కేబుల్‌లోనో (నెగెటివ్ నుంచి వెళ్లేది) దాని బిగింపులోనో లోపం ఉన్నట్టే. పోస్టుకీ క్లాంప్‌కీ మధ్య కూడా ఇలాగే చూడండి, అక్కడ సున్నాకి దగ్గరగా రావాలి. రాకపోతే క్లాంప్ విప్పి, లోపల గీకి, గట్టిగా బిగించండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, పెట్టేటప్పుడు చివర.

కోసిన కేబుల్‌ని మెలిపెట్టి టేప్ చుట్టి ఉంటే మీటరే అక్కర్లేదు, మార్చేయడమే.

ఒక్కటి గుర్తుంచుకోండి. స్టార్టర్‌కి కరెంట్ అసలు వెళ్లకపోతే కేబుల్ పాడైనా మీటర్ సున్నానే చూపొచ్చు. అలాంటప్పుడు ఈ పరీక్ష పనికిరాదు, ముందు బ్యాటరీ దగ్గరి మెయిన్ ఫ్యూజ్ చూడాలి.