డబ్బా మూత తీసే ముందు: బరువులెత్తేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

జిమ్‌లో చేరి మూడు వారాలైతే చాలు, ఎవరో ఒకరు "ఏం తీసుకుంటున్నావ్?" అని అడుగుతారు. ఏం తింటున్నావని కాదు, ఎంతసేపు పడుకుంటున్నావని అసలే కాదు. ఆ రాత్రే ఫోన్‌లో ప్రోటీన్ పొడి లాంటి సప్లిమెంట్ల డబ్బాల వేట మొదలవుతుంది. పోటీల ఆలోచన లేకుండా, వారానికి మూడు నాలుగు రోజులు ఇష్టంగా బరువులెత్తేవాళ్లు ఆ వేటలో పడకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం మీకు అక్కర్లేదు. పనికొచ్చేవి రెండు మూడే, అవి కూడా చేసే మేలు కొంచెమే. అసలు భయపడాల్సింది లేబుల్ మీద రాయని వాటి గురించి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లయితే కనీసం మూడు నెలలు ఏదీ కొనకండి. డబ్బు మిగులుతుందనే కాదు, ఇంకో కారణం ఉంది. తొలి నెలల్లో స్క్వాట్‌లోనూ బెంచ్ ప్రెస్‌లోనూ వారం వారం బరువు పెరుగుతూ పోతుంది. కండ ఇంకా పెద్దగా పెరగకముందే, ఉన్న కండను వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి కాబట్టి వచ్చే బలం అది. అప్పుడు ఏ పొడి తాగినా అదే పనిచేసినట్టు కనిపిస్తుంది. ఒకసారి ఆ నమ్మకం కుదిరితే ఏళ్ల తరబడి నెలనెలా డబ్బా కొనిపిస్తుంది.

ఎక్కువమంది మొదట కొనేది ప్రోటీన్ పొడి. దాన్ని మందులా కాదు, తిండిలా చూడండి. చీజ్ తయారీలో పాలు విరిచాక మిగిలే తేటను వడగట్టి ఎండబెడితే వచ్చేదే వే ప్రోటీన్. అందులో మాయ లేదు, విషమూ లేదు. ఒంటి బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల దాకా ప్రోటీన్ పెంచితే కండకు ఉపయోగమని, సగటున ఆపైన అదనపు లాభం కనపడలేదని 49 ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెప్పింది. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. ఒక వారం పాటు తినే గుడ్లు, పాలు, పప్పులు, మాంసం లెక్క రాసుకోండి. రోజుకు 90 వస్తుంటే ఒక స్కూప్‌తో సరిపోతుంది. 112 ఇప్పటికే దాటుతుంటే పొడి అక్కర్లేదు. లెక్క చూసుకోకుండా రోజుకు మూడు స్కూపులు తాగేవాళ్లను చాలామందిని చూశాను. చివరి సెట్ అయిన అరగంటలోపే షేకర్ పట్టుకోవాలన్న కంగారు కూడా వద్దు, రోజు మొత్తంలో ఎంత తిన్నామన్నదే ముఖ్యం. పాలు పడనివాళ్లు కాన్సన్‌ట్రేట్ అనే మామూలు వే బదులు, ఇంకా ఎక్కువ వడగట్టిన ఐసొలేట్ రకం తీసుకుంటే కడుపు ఉబ్బరం తగ్గుతుంది, అందులో లాక్టోజ్ తక్కువ.

కొనేటప్పుడు లేబుల్ వెనక వైపు చూడండి. ప్రోటీన్ ఎంతుందో కొలవడానికి పాతకాలం నుంచీ వాడే పద్ధతిలో నిజానికి కొలిచేది నైట్రోజన్‌ని. దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తారు. కొందరు చవకగా దొరికే, నైట్రోజన్ ఉన్న గ్లైసిన్, టారిన్ లాంటివి కలిపి ఆ అంకెను పెంచేస్తారు. పదార్థాల జాబితాలో అవి విడిగా కనిపిస్తే ముందు పెద్ద అక్షరాల్లో వేసిన 25 గ్రాములను నమ్మకండి. ఇంకో చిన్న సంగతి, స్కూప్ అనేది కొలత కాదు, చెంచా. ఇంట్లో త్రాసుంటే ఒక్కసారి తూచి చూడండి.

నిజంగా బలానికి పనికొచ్చే పొడి ఏదైనా ఉందా అంటే క్రియేటిన్ మోనోహైడ్రేట్ పేరే చెబుతాను. క్రియేటిన్ అంటే కండలో సహజంగానే ఉండి, శక్తికి పనికొచ్చే పదార్థం. రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఏ వేళైనా సరే. మొదటి వారం రోజుకు 20 గ్రాములు వేసుకోమంటారు, అది తొందరున్నవాళ్లకే. రోజూ కొంచెం వేసుకున్నా మూడు నాలుగు వారాల్లో కండలో అదే నిల్వ చేరుతుంది, కడుపు కూడా పాడవదు. వేసుకున్నాక భారీ సెట్లో ఒకటి రెండు రెప్స్ అదనంగా వస్తాయి, అంతే. మొదటి వారాల్లో తూకం కిలో, రెండు కిలోలు పెరిగితే అది కండలో చేరిన నీరు, కొవ్వు కాదు. హైడ్రోక్లోరైడ్, ఇథైల్ ఎస్టర్ అంటూ ఎక్కువ ధరకు అమ్మే రకాలు మోనోహైడ్రేట్‌ను మించాయని రుజువేమీ లేదు.

దీని విషయంలో నేను పడ్డ టెన్షన్ ఒకటుంది. ఓసారి మామూలు ఆరోగ్య పరీక్షల్లో కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ నాకు గీత దాటి ఎర్ర అంకెల్లో వచ్చింది. కిడ్నీలు పోయాయనే అనుకున్నాను. రెండు రాత్రులు నిద్ర లేదు, ఇంట్లో చెప్పనూ లేదు. డాక్టర్ రిపోర్టు చూసి మొదట అడిగింది, "బరువులెత్తుతారా? క్రియేటిన్ వేసుకుంటున్నారా?" అని. క్రియేటిన్ ఒంట్లో విరిగితే వచ్చేదే క్రియాటినిన్, కాబట్టి కిడ్నీలు బాగున్నా ఆ అంకె కొంచెం పెరగొచ్చు. కండ ఎక్కువున్నా పెరుగుతుంది. కొన్ని వారాలు ఆపి మళ్లీ చూపిస్తే మామూలుగా వచ్చింది. అనుమానం తీరకపోతే సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది, కండతో గానీ క్రియేటిన్‌తో గానీ అది అంతగా మారదు. అయితే ఎర్ర అంకె వస్తే "క్రియేటిన్ వల్లే" అని మీకు మీరే తేల్చేసుకోవద్దు, ఆ మాట డాక్టర్ చెప్పాలి. ముందే కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా క్రియేటిన్ గానీ, ఎక్కువ ప్రోటీన్ గానీ మొదలుపెట్టకూడదు.

రక్తపరీక్షల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. కాళ్ల వ్యాయామం గట్టిగా చేసిన తర్వాతి రోజుల్లో రక్తంలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే ఎంజైములు పెరిగి కనిపిస్తాయి. వాటిని లివర్ పరీక్షలనే పిలుస్తాం గానీ, అవి కండలోనూ ఉంటాయి. పరీక్షకు వారం ముందు నుంచి భారీ బరువులు ఆపడం మేలు. జుట్టు కోసమని, మల్టీవిటమిన్‌లోనని బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో తీసుకుంటుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి. థైరాయిడ్, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ లాంటి కొన్ని పరీక్షలను అది తప్పుగా చూపించగలదు.

వ్యాయామానికి ముందు హుషారు కోసం తాగే ప్రీ-వర్కౌట్ డబ్బాల్లో అసలు పనిచేసేది ఎక్కువగా కెఫీన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒక్కసారికి 200, రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాముల దాకా ఇబ్బంది లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క. కొన్ని డబ్బాల్లో ఒక్క స్కూపే 300 దాటుతుంది, ఆపైన మీరు తాగే కాఫీ, టీ ఉండనే ఉన్నాయి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి 300 మిల్లీగ్రాములు వేసుకుంటే రాత్రి 11కి ఇంకా 150 మిగిలే ఉంటుంది. నిద్ర చెడుతుంది, మర్నాడు నీరసం, దానికి మళ్లీ ఇంకో స్కూప్. పొడిని నీళ్లలో కలపకుండా నోట్లో పోసుకునే వీడియోలు చూసి ప్రయత్నించకండి, గొంతుకు అడ్డం పడుతుంది, కెఫీన్ అంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. విడిగా అమ్మే శుద్ధ కెఫీన్ పొడి ఇంట్లోనే ఉండకూడదు. ఒక్క టీస్పూను దాదాపు 28 కప్పుల కాఫీకి సమానమని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, దానివల్ల మనుషులు చనిపోయారు. బీపీ, గుండెదడ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, 18 ఏళ్లు నిండనివాళ్లకు ఈ డబ్బాలు వద్దే వద్దు. తాగాక ముఖం, చేతులు చిమచిమలాడితే అది వాటిలో కలిపే బీటా-అలనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల, దానికి మాత్రం కంగారు పడక్కర్లేదు.

బీసీఏఏ, గ్లుటామిన్ అనే అమైనో ఆమ్లాల పొడుల గురించి, ట్రిబ్యులస్ అనే పల్లేరు మొక్క సారం గురించి ఎక్కువ రాయను. ప్రోటీన్ సరిగ్గా తినేవాళ్లకు మొదటి రెండూ దండగ. మూడోది టెస్టోస్టిరాన్ పెంచుతుందంటారు, మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో పెంచలేదు.

ఇక లేబుల్ మీద లేనివి. జర్మనీలోని కొలోన్ నగరంలో ఉన్న డోపింగ్ పరీక్షల ల్యాబ్ 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. 94 డబ్బాల్లో లేబుల్ మీద రాయని హార్మోన్లు దొరికాయి, అంటే దాదాపు ఏడింట ఒకటి. అవి స్టెరాయిడ్లుగా అమ్మినవి కావు, మామూలు సప్లిమెంట్లు. అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లను మందుల్లా ముందే పరీక్షించి అనుమతించే పద్ధతి లేదు, సమస్య బయటపడ్డాకే చర్య. అందుకే కండ "వేగంగా" పెంచుతాననేవి, కొవ్వు "కరిగిస్తాననేవి", మగతనం పెంచుతాననేవి, ఈ మూడు రకాలకూ దూరంగా ఉండండి. కల్తీ ఎక్కువగా దొరికేది వాటిలోనే. కొవ్వు కరిగించే మాత్రల్లో గ్రీన్ టీ సారం ఉంటే ఇంకా జాగ్రత్త. కప్పులో తాగే టీకి ఫర్వాలేదు గానీ, మాత్రల రూపంలో ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ముఖ్య పదార్థం) రోజుకు 800 మిల్లీగ్రాములు చేరితే లివర్‌కు ప్రమాదం. టెస్టోస్టిరాన్‌లా కండ మీద పనిచేసే సార్మ్స్ అనేవైతే సప్లిమెంట్లే కావు, అనుమతి లేని మందులు. వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. జిమ్‌లో "సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు బ్రో" అని చేతిలో పెట్టే పేరు లేని సీసా ఎవరిచ్చినా తీసుకోకండి, ఇచ్చింది కోచ్ అయినా సరే.

"ప్రొప్రయిటరీ బ్లెండ్" అని రాసి ఏది ఎంతుందో చెప్పని డబ్బాను అక్కడే వదిలేయండి. ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్, ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటి బయటి పరీక్షల ముద్ర ఉంటే ముద్రను మాత్రమే చూసి ఊరుకోకుండా, ఆ సంస్థ సైట్‌లో ఆ పేరు నిజంగా ఉందో లేదో చూడండి. ముద్రను అచ్చువేయడం ఎవరికైనా తేలికే. అది నిషేధిత పదార్థాలు లేవని చెబుతుంది గానీ, పొడి పనిచేస్తుందని చెప్పదు.

ఇవన్నీ చూసుకుని మొదలుపెట్టాలనుకుంటే ఒకేసారి రెండు కొత్తవి వద్దు. ఒకటి మొదలుపెట్టి రెండు వారాలు చూడండి, లేకపోతే తేడా వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. రోజూ వాడే మందులుంటే డాక్టర్‌తో, ఆపరేషన్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టర్‌తో ఈ పొడుల పేర్లన్నీ చెప్పండి. కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అన్నీ ఆపేసి ఆస్పత్రికి వెళ్లండి. భారీ వ్యాయామం తర్వాత కండలు వాచి, భరించలేని నొప్పితో మూత్రం కోలా రంగులో వస్తే మరీ ఆలస్యం చేయకూడదు. అది కండ విరిగి కిడ్నీల మీద పడుతున్న గుర్తు కావచ్చు. వెళ్లేటప్పుడు డబ్బా వెంట తీసుకెళ్లండి, ఖాళీదైనా సరే. మూత తీసిన రోజే లేబుల్‌నూ బ్యాచ్ నంబర్‌నూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఆరోజు వెతుక్కునే పని ఉండదు.