లోను ఫైలుకు డిజిటల్ కాగితాలు: లాయరు, ఆడిటరు ఏం చూసుకోవాలి?

గుంటూరు మిర్చియార్డు వ్యాపారి ఒకాయన నల్లపాడు దగ్గరి స్థలం మీద లోను అడిగాడనుకోండి. బ్యాంకు ప్యానెల్ లాయరు లీగల్ ఒపీనియన్ ఇవ్వాలి, ఆడిటరు టర్నోవర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒకప్పుడు ఇద్దరి గుమాస్తాలూ ఆఫీసుల చుట్టూ తిరిగితే గానీ ఫైలు కదిలేది కాదు. ఇప్పుడు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), 1బి (రెవెన్యూ శాఖ భూమి హక్కుల పత్రం), కేసు స్టేటస్, జీఎస్టీ రిటర్నులు ఒక్క పూటలో దిగుమతి అవుతాయి. తిరుగుడు తగ్గింది గానీ, వచ్చిన కాగితం ఏ ప్రశ్నకు జవాబో పట్టి చూసే పని పెరిగింది. నిల్ ఈసీ వచ్చిందంటే స్థలం మీద ఏమీ లేదని కాదు, మీరు టైపు చేసిన నంబరు మీద ఏమీ దొరకలేదని.

ఈసీని ఒక్కసారి తీసి ఊరుకోవద్దు

రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. అంతకన్నా పాత లింకు దస్తావేజులు (ఆస్తి వెనకటి చేతులు మారిన పత్రాలు) ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ ఈసీకి అర్జీ పెట్టాల్సిందే.

మొదటిసారి దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు ఇచ్చి వెతకండి. వచ్చిన షెడ్యూలులో సర్వే నంబరు, డోర్ నంబరు, గ్రామం ఎలా టైపయ్యాయో అక్షరం పొల్లు పోకుండా దించుకోండి. రెండోసారి ఆ సర్వే నంబరుతో, మూడోసారి సబ్‌డివిజన్ కాకముందున్న నంబరుతో, నాలుగోసారి డోర్ నంబరుతో వెతకాలి. ఒక దస్తావేజులో 112/2ఏ అని, ఇంకోదాంట్లో 112-2 అని, మూడోదాంట్లో ఉత్త 112 అని ఎక్కి ఉండొచ్చు. మనిషి కంటికి మూడూ ఒకటే. కంప్యూటరుకు మూడూ వేరు.

గ్రామం దగ్గరా ఇదే తంటా. విజయవాడ అపార్టుమెంటుకు పోస్టల్ అడ్రసు ఒకటి, దస్తావేజులోని రెవెన్యూ గ్రామం మరొకటి. పటమట, గుణదల, గాంధీనగర్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పాత దస్తావేజు దేంట్లో రిజిస్టరైందో గుర్తు మీద ఎంచుకోకండి, దస్తావేజు వెనక ఉన్న ముద్ర చూడండి. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. పాత దస్తావేజులో నరసరావుపేట గుంటూరు జిల్లాలో ఉంటుంది, మీభూమిలో అడంగల్ కోసం పల్నాడు జిల్లా ఎంచుకోవాలి.

ఈసీలో కనబడనివి కూడా ఉన్నాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, రిజిస్టరు కాని వీలునామా అందులోకి రావు. టైటిల్ డీడ్లు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా, ఆ తాకట్టును రాసుకున్న మెమొరాండం రిజిస్టరు కాకపోతే, రాదు. దానికోసం 2011 నుంచి నడుస్తున్న తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో ఫీజు కట్టి వెతకాలి. కొందరు ఈ మెట్టు దాటేస్తారు. అదే స్థలం మీద రెండో లోను పుట్టడానికి ఉన్న సందు సరిగ్గా ఇక్కడే. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) కూడా ఒపీనియన్ మీద సంతకం చేసే రోజునే మరోసారి చూడండి.

కోర్టు కేసు, పేరులోని స్పెల్లింగు

సీఎన్ఆర్ నంబరు చేతిలో ఉంటే కోర్టు కేసుల సైటు ఈ-కోర్ట్స్‌లో పని క్షణంలో అయిపోతుంది. పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన ఆ నంబరు ఒక్క కేసుకే ఉంటుంది. స్థలం మీద అసలు కేసుందో లేదో తెలియనప్పుడే చిక్కు. పేరుతో వెతకాలి, మన పేర్లేమో ఇంగ్లిషులో తలో తీరున ఎక్కి ఉంటాయి. సాంబశివరావులో రావు ఒకచోట కలిసి, ఒకచోట విడిగా ఉంటుంది. లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కె-ఎస్-హెచ్‌తో రాసేవాళ్లున్నారు. ఇంటిపేరు ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. అందుకని పూర్తి పేరు కొట్టకుండా, మారని ముక్క మూడు నాలుగు అక్షరాలు ఇచ్చి, నడుస్తున్నవీ ముగిసినవీ రెండూ కావాలని ఎంచుకుని, సంవత్సరం తర్వాత సంవత్సరం చూడండి. ప్రస్తుత యజమానితో ఆపకుండా అమ్మినవాడి పేరు, వాడికి అమ్మినవాడి పేరు కూడా వేయాలి. పాత విజయవాడ కేసులకు కృష్ణా జిల్లా ఎంచుకోవాలని కొత్త జూనియర్లకు ముందే చెప్పి పెట్టండి.

ఒపీనియన్‌లో తీర్పు ఉటంకించాలంటే సుప్రీంకోర్టు 2023 జనవరిలో తెచ్చిన తీర్పుల సైటు ఈ-ఎస్‌సీఆర్ ఉచితం. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన సైటేషన్ని (తీర్పు ప్రస్తావనను) మాత్రం అక్కడ తీసి, పేరా చదివి, ఆ తీర్పు తర్వాత కొట్టివేతకు గురి కాలేదని చూశాకే వాడండి. ఈసీ సైటు దొరక్కపోతే దొరకలేదని చెబుతుంది, చాట్‌బాట్ దొరక్కపోయినా ఏదో ఒకటి పుట్టిస్తుంది. 2023లో న్యూయార్కులో లేని తీర్పులు కోర్టుకిచ్చిన ఇద్దరు లాయర్లకూ వాళ్ల ఆఫీసుకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. కక్షిదారు పాన్, ఆధార్, దస్తావేజు స్కాన్లు చాట్‌బాట్‌లో అతికించడం ఎలాగూ కూడదు.

ఆడిటరు బల్ల మీద

వ్యాపారికి హైదరాబాదులోనూ బ్రాంచి ఉంటే రెండు జీఎస్టీ నంబర్లుంటాయి, అక్కడిది 36తో, ఇక్కడిది 37తో మొదలవుతుంది. తర్వాతి పది అక్షరాలు పాన్ కాబట్టి బిల్లు మీద చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. సరుకు విజయవాడ గోడౌనులో దిగి, బిల్లు 36 మీద కొట్టారంటే ఆ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నుకు దొరికే మినహాయింపు) 37 తాలూకు 2బిలో (ఆ క్రెడిట్ల నెలవారీ పట్టికలో) రాదు. కొనుగోళ్ల షీటులో జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలకు ఒక కాలమ్ పెట్టి ఫిల్టర్ చేస్తే ఇలాంటివి ఒక్క నిమిషంలో బయటపడతాయి.

2బి నెలకోసారి, 14న తయారవుతుంది. సరఫరాదారు 11 దాటాక జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేస్తే ఆ బిల్లు వచ్చే నెలకు పోతుంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్లయితే 13లోపు, రిటర్నుకు ముందే బిల్లులు చూపే ఐఎఫ్ఎఫ్‌లో ఎక్కిస్తేనే ఆ నెల కనబడుతుంది. సరఫరాదారులు ఎక్కించే బిల్లుల జాబితా అయిన 2ఏ రోజూ మారుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మి క్రెడిట్ తీసుకోవద్దు. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ సైటులో బిల్లులు సరిచూసుకునే ఐఎంఎస్‌లో ప్రతి బిల్లునూ అంగీకరించడమో, తిరస్కరించడమో, పెండింగులో పెట్టడమో చేయవచ్చు. ఏమీ చేయకపోతే అంగీకరించినట్టే లెక్క. 14 తర్వాత ఏదైనా మార్చారా, 2బిని మళ్లీ కంప్యూట్ చేయించాలి. ఇది మరిచిపోయి పాత అంకెలతో 3బి (పన్ను లెక్క చూపే రిటర్ను) నింపేయడం తరచూ జరిగే పొరపాటు.

టర్నోవర్ సర్టిఫికెట్ దగ్గర ఇంకో చిక్కు. ఏఐఎస్ (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే వార్షిక వివరాల పత్రం) పాన్ మీద నడుస్తుంది, అంటే రెండు నంబర్ల జీఎస్టీ టర్నోవరూ అందులో పడుతుంది. హైదరాబాదుకు పంపిన బ్రాంచి సరుకు జీఎస్టీలో సరఫరాయే గానీ పుస్తకాల్లో అమ్మకం కాదు. ఈ తేడాను చిన్న పట్టికగా రాసి సర్టిఫికెట్‌కు జత చేయండి, లేకపోతే బ్యాంకు నుంచి ప్రశ్న వచ్చి తీరుతుంది. ఏఐఎస్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటే ఎనిమిదంకెల్లో పుట్టిన తేదీ. సంస్థకైతే స్థాపన తేదీ. సర్టిఫికెట్ మీద 18 అక్షరాల యూడీఐఎన్ (పత్రం గుర్తింపు సంఖ్య) సంతకం చేసిన 60 రోజుల్లోపు తీసుకోవాలి. బ్యాంకువాళ్లు దాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ సైటులో సరిచూస్తారు, కాబట్టి అక్కడ ఎక్కించిన అంకె, కాగితం మీది అంకె ఒకటే ఉండాలి.

తీసిన ఫైలును తీసినట్టే ఉంచడం

డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను ప్రింటు తీస్తే చేతికొచ్చేది ఉత్త కాగితం, సంతకం ఫైలులోనే ఉండిపోతుంది. ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టినా పోతుంది. సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం కనబడితే నకిలీ అని కంగారు పడకండి. చాలాసార్లు మీ కంప్యూటరులో సీసీఏ ఇండియా (డిజిటల్ సంతకాల నియంత్రణ సంస్థ) రూట్ సర్టిఫికెట్‌ను నమ్మదగినదిగా చేర్చకపోవడమే కారణం.

రేపు ఆ ఫైలు సాక్ష్యంగా కోర్టుకు వెళ్లాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అందులో ‘ఏ’ భాగం కక్షిదారు, ‘బి’ భాగం నిపుణుడు నింపాలి, రెండింట్లోనూ హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరస) రాయాలి. ఆ హ్యాష్‌ను ఫైలు దింపిన రోజే తీసిపెట్టుకోవడం తేలిక. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి, ఇంగ్లిషులో గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఫైలును ఆ కిటికీలోకి లాగి వదిలి ఎంటర్ నొక్కండి. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో 64 అక్షరాలొస్తాయి. వాటిని తీసిన తేదీ, సమయం, సైటు, వెతికిన నంబరుతో పాటు ఒక షీటులో అతికించండి. ఆ తర్వాత అసలు ఫైలులో పసుపు గీత గీసి సేవ్ చేసినా హ్యాష్ మారిపోతుంది, గీతలన్నీ కాపీలో గీసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఫైలు పేరు తేదీతో, సంవత్సరం ముందుగా మొదలుపెడితే కంప్యూటరే వరస పెడుతుంది. కాపీలు కనీసం మూడు, వాటిలో ఒకటి ఊరికి అవతల. 2024 సెప్టెంబరు మొదటి తేదీన బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు కింది అంతస్తు బీరువాకు, అందులోని బ్యాకప్ డిస్కుకు తేడా లేదు. మూడు నెలలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక పాత ఈసీ తెరిచి, దాని హ్యాష్ షీటులోని 64 అక్షరాలతో సరిపోతోందో లేదో చూడండి.